కూర్చుని తినే లెక్క

మొన్నొక శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక సల్మియాలో ఒక పెద్ద హోటల్లో మనవాళ్ళకి భోజనాలు పెట్టారు. బిర్యానీ బాగుంది. రొయ్యల వేపుడు ఇంకా బాగుంది. రెండో వడ్డన అయ్యాక తలుపులు మూసి, లైట్లు తగ్గించి, తెర మీద బొమ్మలు మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు, టై కట్టుకున్నాడు పాపం, మైకు పుచ్చుకుని మొదటి ముక్కే ఇలా అన్నాడు: "సార్, మీరు నిద్రపోతున్నప్పుడు కూడా మీకు డబ్బులు రావాలి."

నా పక్కన కూర్చున్న మిత్రుడు నా మోచెయ్యి పొడిచాడు. "చూశావా, ఇదే నేను పదేళ్ళ నుంచి మొత్తుకునేది." ఇద్దరం పన్నెండేళ్ళు ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కోడు రాసుకున్నవాళ్ళం. ఏ ప్రోగ్రాములో అయినా ఒక్క లైను తేడా వస్తే రాత్రి రెండింటిదాకా తవ్వి తీసే మనిషి. అలాంటివాడు ఆ తెర మీద కనపడ్డ "నెలకి లక్షన్నర అద్దె" అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆదివారంలోగా అడ్వాన్సు కట్టాలట. "నువ్వూ కలువు, ఇద్దరం చెరి సగం" అని ఇప్పటికి నాలుగుసార్లు ఫోను చేశాడు. ఫోన్లో వాదించి గెలవలేక ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆయన వైపు న్యాయం చెప్పాలి. ఆయన భయం నిజమైంది, నాకూ ఉన్నదే. మనం ఇక్కడ ఎన్నేళ్ళున్నా అకామా ఉన్నన్నాళ్ళే. పింఛను లేదు. కువైట్ 2010 నాటి ఆరో నంబరు కార్మిక చట్టం ప్రకారం నెల జీతగాళ్ళకి మొదటి ఐదేళ్ళకి ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం, మొత్తం కలిపి ఏడాదిన్నర జీతం మించకుండా ఇండెమ్నిటీ ఇస్తారు. అంటే పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు చాకిరీ చేసిన మనిషి చేతిలో పద్ధెనిమిది నెలల జీతం పెట్టి విమానం ఎక్కిస్తారన్నమాట. ఆ పంతొమ్మిదో నెల ఏం తినాలి? ఈ ప్రశ్నకి మన కువైట్ తెలుగువాళ్ళు కనిపెట్టిన సర్వరోగనివారిణి ఒకటే: ఒక ఫ్లాటు కొను, అద్దెకివ్వు, కూర్చుని తిను.

నేనూ కొన్నాను. అందుకే ఇంత నోరు చేసుకుంటున్నాను.

2013 ఆగస్టు, సెప్టెంబరు ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. డాలరు 68 రూపాయలకి ఎగబాకింది, దానితోపాటు మన దినారూ. ఎక్స్ఛేంజీల ముందు క్యూలు. అప్పటిదాకా ఒక దినారుకి నూట తొంభయ్యో రెండొందలో చూసిన కళ్ళకి రెండొందల పాతిక కనపడేసరికి మతి పోయింది. చేతిలో ఉన్న దినార్లు కుప్పగా పంపించి, నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు కొన్నాను. రిజిస్ట్రేషను, చెక్కపని అన్నీ కలిపి యాభై లక్షలు. ఇరవై నాది, ముప్ఫై బ్యాంకుది. అప్పుడు వడ్డీ పదిన్నర శాతం. పదిహేనేళ్ళ అప్పుకి నెలకి 33 వేల చిల్లర కంతు. వచ్చిన అద్దె 13 వేలు.

ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. నెలనెలా ఇరవై వేలు నేను ఎదురిచ్చుకుంటూ, దాని పేరు "అద్దె ఆదాయం" అని చెప్పుకుంటూ తిరిగాను. ఏడున్నరేళ్ళకి ఇండెమ్నిటీ మీద అడ్వాన్సు తీసుకుని, అదీ ఇదీ కలిపి అప్పు మూసేశాను. అప్పటికి బ్యాంకుకి కట్టిన వడ్డీ ఒక్కటే 18 లక్షలు. వచ్చిన అద్దె, ఖర్చులు తియ్యకముందే, 12 లక్షలు. ఇంటికి యజమాని నేనే, కానీ అద్దె బ్యాంకువాడిది, పైన ఆరు లక్షలు దక్షిణ.

ఇంకో లెక్క చెప్తాను, ఇది మరీ బాధ పెడుతుంది. 2011 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఎన్నారై డిపాజిట్ల మీద వడ్డీ నిర్ణయాన్ని బ్యాంకులకే వదిలేసింది. దాంతో 2013లో ఎన్‌ఆర్‌ఈ ఫిక్సుడు డిపాజిట్లకి తొమ్మిది శాతం దరిదాపుల్లో ఇచ్చేవారు. ఇండియాలో దాని మీద పన్ను లేదు, కువైట్లో జీతం మీదే పన్ను లేదు. నేను ఫ్లాటుకి ముందుగా పెట్టిన ఆ ఇరవై లక్షలు అక్కడ పడేసి ఉంటే నెలకి పదిహేను వేలు వచ్చేవి. వినపడిందా? ఫ్లాటంతా కలిపి పదమూడు, అందులో నా వాటా డబ్బు ఒక్కటే డిపాజిట్లో పదిహేను. వడ్డీ తీసుకోకుండా పదేళ్ళు అలాగే వదిలేసి ఉంటే 48 లక్షల పైన. ఎవరికీ ఫోను చెయ్యక్కర్లేదు, రంగులు వేయించక్కర్లేదు, డిపాజిట్టుకి కుళాయి కారదు.

"మరి ఫ్లాటు రేటు పెరిగింది కదా?" పెరిగింది. కాదనను. 2024 దసరాకి ఒకాయన 85 లక్షలకి బేరం పెట్టాడు. పదకొండేళ్ళలో 50 లక్షలు 85 అయ్యాయి, అంటే ఏడాదికి ఐదు శాతానికి కాస్త తక్కువ. నా జేబులోంచి మొత్తం పోయింది లెక్కేస్తే ఇరవై, అసలు ముప్ఫై, వడ్డీ పద్ధెనిమిది, అందులోంచి అద్దె పన్నెండు తీసేస్తే 56 లక్షలు. అప్పు తీరాక వచ్చిన అద్దె ఇంకో ఏడు లక్షలుంటుంది, రిపేర్లు మింగినవి మింగగా. నష్టం రాలేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఇది కూర్చుని తినే లెక్క కాదు. ఇక దినార్లలో చూస్తే, కొన్నప్పుడు 225 చొప్పున 22 వేల దినార్లు పెట్టిన వస్తువుకి, పదకొండేళ్ళ తర్వాత 274 చొప్పున 31 వేలు. ఏడాదికి మూడు శాతం! రూపాయి డిపాజిట్టుకీ ఈ దెబ్బ తప్పదనుకోండి, అది వేరే సంగతి.

(ఇక్కడో చిన్న పిట్టకథ. 1961 దాకా కువైట్లో చెలామణీ అయింది మన రూపాయే. 1959 నుంచి గల్ఫు కోసమని రిజర్వు బ్యాంకు వేరే రంగు నోట్లు కూడా అచ్చేసింది. 1961లో వీళ్ళు సొంత దినారు తెచ్చుకున్నప్పుడు ఒక దినారు పదమూడు రూపాయల ముప్పావలా కూడా కాదు, పదమూడూ మూడోవంతు. ఇప్పుడు 280 దాటేసింది. "రూపాయల్లో ఆస్తి పెరిగింది" అని మనం మీసం మెలేసేటప్పుడు ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.)

85 లక్షల బేరం ఏమైందంటారా? ఆ కథ వినాలి మీరు. కొనేవాడు సొంత ఊళ్ళో ఉన్న మనిషి దగ్గర యాభై లక్షలు దాటిన ఇల్లు కొంటే ఒక్క శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కడితే చాలు. అదే అమ్మేవాడు ఎన్నారై అయితే 12.5 శాతం, దాని మీద సర్‌ఛార్జి, సెస్సు, అదీ లాభం మీద కాదు, ముందుగా తక్కువ కోతకి సర్టిఫికెట్టు తెచ్చుకోకపోతే మొత్తం అమ్మకం ధర మీదే పట్టేస్తారు. నా 85 లక్షలకి అది 12 లక్షల పైచిలుకు. తర్వాత రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఈ మాట ఆడిటరు చెప్పగానే బేరగాడు, "మాకెందుకండీ ఈ గొడవ, పక్క బ్లాకులో లోకల్ పార్టీ ఉంది" అని మళ్ళీ ఫోను ఎత్తలేదు.

2024 జులై 23 తర్వాత అమ్మే ఇళ్ళకి ద్రవ్యోల్బణం సర్దుబాటు ఎత్తేశారు కదా. జనం గోల పెడితే, అంతకు ముందు కొన్నవాళ్ళకి పాత పద్ధతిలో 20 శాతం కట్టుకునే వీలు తిరిగి ఇచ్చారు. ఎవరికి? రెసిడెంట్లకి మాత్రమే. నా ఫ్లాటుకి పాత పద్ధతి వర్తిస్తే 50 లక్షల కొనుబడి సూచీ ప్రకారం 82 లక్షల 50 వేలు అయ్యేది. లాభం రెండున్నర లక్షలు, పన్ను యాభై వేలు. ఎన్నారైని కాబట్టి లాభం 35 లక్షలు, పన్ను నాలుగు లక్షల 37 వేలు, సెస్సు అదనం. అదే ఫ్లాటు, అదే గోడలు. మా పక్కింటాయన నాతోపాటే అదే రేటుకి కొన్నాడు. ఆయన నిజాంపేటలో ఉంటాడు, నేను సల్మియాలో ఉంటాను, తేడా అంతే. హోటల్లో టై కుర్రాడు ఈ ముక్క తెర మీద వెయ్యలేదు.

అద్దె మీద కూడా ఇలాంటి మెలికే. మామూలు ఇంటి ఓనరుకి నెలకి యాభై వేలు దాటితే గానీ అద్దెకుండేవాడు పన్ను పట్టుకోనక్కర్లేదు. ఓనరు ఎన్నారై అయితే మొదటి రూపాయి నుంచే, 30 శాతం, పైన సెస్సు. మా ఫ్లాటులో దిగిన కుర్రాడికి వాళ్ళ ఆఫీసులో ఇంటద్దె రసీదులు అడిగినప్పుడు ఈ సంగతి బయటపడింది. "అన్నా, నేను పన్ను కట్టే నంబరు తీసుకోవాలంట, ఫారాలు నింపాలంట, నాకెందుకన్నా ఇదంతా" అని రెండో నెలే ఖాళీ చేశాడు. వాణ్ణి తప్పుపట్టలేను. వాడి వయసులో నేనైనా అదే చేసేవాణ్ణి. మన కువైట్ జనాల్లో ఈ రూలు తెలిసినవాళ్ళు ఎంతమందో, తెలిసి పాటించేవాళ్ళు ఎంతమందో మీరే ఊహించుకోండి.

డబ్బు సంగతి ఇంతటితో ఆపుతాను. నా అసలు గొడవ వేరే ఉంది.

"మీరు నిద్రపోతున్నప్పుడు కూడా" అన్నాడే ఆ కుర్రాడు, మరి నేను నిద్రపోతున్నప్పుడు ఎవరు మేలుకుని ఉన్నారు? మా నాన్న. ఆయనది తెనాలి. ఫ్లాటు ఖాళీ అయినప్పుడల్లా రైలెక్కి హైదరాబాద్ వెళ్ళడం, పాతవాడి దగ్గర తాళాలు తీసుకోవడం, గోడల మేకులు లెక్కపెట్టుకోవడం, రంగులవాణ్ణి మాట్లాడటం, బ్రోకరుకి అద్దె లెక్కన కమీషను ముట్టజెప్పడం, కొత్తవాళ్ళకి ఇల్లు చూపించడం, "బ్యాచిలర్సా, ఫ్యామిలీయా, ఏమండీ మీరు?" అని మొహమాటపడుతూ అడగడం. రిటైరైన హైస్కూలు మాస్టారు ఆయన. జీవితంలో ఎవర్నీ డబ్బు అడగని మనిషి. నా కోసం ప్రతి నెలా ఐదో తారీఖున పరాయివాళ్ళకి ఫోను చేసి "బాబూ, ఈ నెల అద్దె ఇంకా పడలేదు" అనేవారు.

2020 ఏప్రిల్లో లాక్‌డౌన్‌లో సాఫ్టువేరు జనమంతా ఊళ్ళకి పోయినప్పుడు మా ఫ్లాటూ ఖాళీ అయింది. సామాను అక్కడే పెట్టి, అద్దె ఆపి, ఆరేడు నెలల తర్వాత ఒక ఆదివారం వచ్చి సామాను తీసుకెళ్ళిపోయారు ఆ దంపతులు. వాళ్ళకీ ఉద్యోగం పోయిందట, ఏం చేస్తారు. తర్వాతి వేసవిలో నాన్న రంగులు వేయించడానికి వెళ్ళారు. లిఫ్టు చెడిపోయింది. డెబ్బయ్యొక్కేళ్ళ మనిషి, ఐదో అంతస్తు, మే నెల. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగారు. మూడో రోజు మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడిపోతే రంగులవాడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాకు తెలిసింది రెండ్రోజుల తర్వాత. ఆఫీసులో ఉన్నాననీ, కంగారు పడతాననీ చెప్పలేదట.

అమ్మ అంతకు ముందు విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గర మూడు నెలలుంది. ఇక్కడ బిల్డింగు హారిస్‌ని చూసింది. ఈజిప్టు ఆయన, కింద మెట్ల పక్కన చిన్న గది, నెల మొదట్లో తలుపు తట్టి అద్దె వసూలు చేస్తాడు, కుళాయి కారినా ఏసీ ఆగినా ఆయన్నే పిలుస్తాం, ఓనరు మాత్రం ఎప్పుడూ కనపడడు. ఆసుపత్రి సంగతి తెలిసి నేను ఫోను చేస్తే అమ్మ ఒకే మాటంది. "మీ నాన్నని హారిస్‌ని చేశావురా."

ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మన మిత్రుడి వాదనలో బాగా పస ఉన్నది ఇంకొకటుంది. "కువైటీలని చూడు, బిల్డింగులు కట్టి అద్దెల మీద దర్జాగా బతకట్లా? మన రక్తం తాగి మేడ మీద మేడ వెయ్యట్లా?" అంటాడు. నేనూ చూశాను. కానీ ఆ అద్దెలు ఎలా పుట్టాయో కూడా చూడాలి కదా. 1950లలో నూనె డబ్బు రావడం మొదలయ్యాక, 1952 మాస్టర్ ప్లానుతో పాత కువైట్ నగరాన్ని పడగొట్టి కొత్తది కట్టడానికి ప్రభుత్వం జనం దగ్గర మట్టిళ్ళు, ఖాళీ స్థలాలు కొనేసింది. మార్కెట్ రేటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి కొంది. దాన్ని తత్మీన్ అంటారు. ఖజానా సొమ్ము జనానికి, అందులోనూ భూములున్న పెద్ద కుటుంబాలకి చేర్చే దారి అది. ఆ డబ్బుతో గోడ బయట స్థలాలు కొని కట్టారు. అప్పుతో కాదు! పైగా 1979 చట్టం ప్రకారం మనలాంటి విదేశీయులు ఇక్కడ ఇల్లు కొనడానికి లేదు. దేశ జనాభాలో మూడింట రెండొంతుల మందికి కొనే దారే లేనప్పుడు, వాళ్ళందరూ బతికినన్నాళ్ళూ అద్దెకుండాల్సిందే. అలాంటి చోట అద్దెల వ్యాపారం కాక ఇంకేం బాగుంటుంది? ఇంటద్దె మీద ఆదాయపు పన్ను కూడా లేదు. (ఇంతా చేసి, కొత్తగా పెళ్ళైన మామూలు కువైటీ కుర్రాడు సర్కారు ఇల్లు కోసం ఏళ్ళ తరబడి క్యూలో ఉంటాడు, నెలకి 150 దినార్ల అద్దె భత్యం పుచ్చుకుంటూ. వాడూ మనలాగే కిరాయిదారే.)

నిజాంపేటలో ఆ షరతుల్లో ఏదీ లేదు. అక్కడ నా ఫ్లాటులో అద్దెకున్న కుర్రాడికి అద్దె మరీ ఎక్కువనిపిస్తే పక్క వీధిలో వెయ్యి ఫ్లాట్లున్నాయి. లోను తెచ్చుకుని వాడే కొనుక్కుంటాడు కూడా. అందుకే అద్దె మూడు శాతం దగ్గర చతికిలబడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం కువైట్ చట్టం మనకన్నా నయం. 1978 నాటి 35వ నంబరు అద్దె చట్టం ప్రకారం ఓనరు ఐదేళ్ళదాకా అద్దె పెంచడానికి వీల్లేదు. మా ఓనరు గడియారం పెట్టుకుని ఐదేళ్ళు నిండిన మర్నాడే పెంచుతాడనుకోండి. అప్పుడు మనం ఎంత తిట్టుకుంటాం! అదే సాయంత్రం హైదరాబాద్‌లో ఉన్న కుర్రాడికి "వచ్చే జూన్ నుంచి పది శాతం" అని మెసేజి పెడతాం. నేనూ పెట్టాను. ఏటా.

ఇప్పుడు అసలు ఆ హోటల్లో అమ్మకానికి పెట్టిందేమిటో చెప్తాను. ఫ్లాట్లు కావు. ఫ్లాట్లకి మూడు శాతమే వస్తుందని జనాలకి మెల్లగా తెలిసిపోయింది. కొత్త సరుకు హాస్టల్ బిల్డింగు. మాధాపూర్, గచ్చిబౌలి వైపు నూటయాభై గజాల్లో ఐదంతస్తులు, అంతస్తుకి ఆరు గదులు, గదికి నాలుగు మంచాలు. ఆపరేటరు మొత్తం తీసుకుని నెలనెలా మీకు పంపిస్తాడు. అద్దె ఎనిమిది శాతం, పది శాతం అన్నాడు టై కుర్రాడు. ఒకరు కొనలేకపోతే పదిమంది కలిసి వాటాలు కొనుక్కోవచ్చట. "పర్మిషన్ ఎన్ని అంతస్తులకి?" అని వెనక బల్ల నుంచి ఎవరో అడిగారు. "అక్కడ అన్నీ అలాగే ఉంటాయి సార్" అన్నాడు.

అన్నీ అలాగే ఉన్న చోటే 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్లో ఇరుకు స్థలంలో లేచిన బిల్డింగు పక్కకి ఒరిగిపోతే జనం పరుగులు తీశారు, మర్నాడు దాన్ని కూల్చేశారు. 2025 జనవరిలో మాధాపూర్ అయ్యప్ప సొసైటీలో అనుమతి లేకుండా కట్టిన బిల్డింగుని హైడ్రా వచ్చి పడగొట్టింది. వాటాలు కొన్న పదిమందికీ అప్పుడు తలా ఒక ఇటుక ఇస్తారు కాబోలు.

కూలకపోతే ఏమిటి? నా బాధ దాని గురించే. ఎనిమిది శాతం ఎక్కణ్ణుంచి వస్తుంది? గది అదే, గోడలవే, సిమెంటు అదే. మూడు ఎనిమిది అవ్వాలంటే ఆ గదిలో ఇంకో ముగ్గుర్ని పడుకోబెట్టాలి. వేరే కిటుకు లేదు. ఈ కిటుకు మనకి కొత్తగా నేర్పాలా? ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నేను ఫర్వానియాలో బెడ్ స్పేస్‌లో ఉన్నాను. హాల్లో ప్లైవుడ్డు అడ్డం పెట్టి రెండు గదులు చేసి, రెండింట్లో కలిపి ఏడుగురం. స్నానానికి పొద్దున నాలుగున్నర నా టైము.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో ఒక బిల్డింగు తగలబడింది. రెండు వందల మంది దాకా కార్మికులు ఉంటున్న బిల్డింగు. కింద హారిస్ గదిలో షార్ట్ సర్క్యూట్ అన్నారు. గదుల మధ్య అడ్డంగా పెట్టినవి త్వరగా అంటుకునే రకమని ఫైర్ వాళ్ళు చెప్పారు. దాదాపు యాభై మంది పోయారు, చాలామంది నిద్రలో, పొగకి. జూన్ 14న మన వాయుసేన విమానం 45 మంది భారతీయుల శవపేటికలతో కొచ్చిలో దిగింది. ఎక్కువమంది మలయాళీలు. ముగ్గురు మన ఆంధ్రావాళ్ళు. ఆ వారం కువైట్లో మనవాళ్ళెవరూ సరిగ్గా అన్నం తినలేదు. నా మిత్రుడు, ఈ హాస్టల్ వాటా కొనమని నా ప్రాణం తీస్తున్న మిత్రుడే, ఆ రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "ఒక్కో గదిలో అంతమందిని ఎలా పెడతారురా, వాడు మనిషేనా?" అన్నాడు.

నాయనా, ఆ "వాడు" వేరే ఎవరో అనుకోకు. నాలుగు మంచాల గదిలో ఆరు మంచాలు వేస్తే ఆపరేటరు నీకు ఎనిమిదికి బదులు పది పంపిస్తాడు. నువ్వు సల్మియాలో ఏసీ కింద కూర్చుని ఫోన్లో ఆ అంకె చూసి సంతోషిస్తావు. మెట్లు ఎంత వెడల్పున్నాయి, పైకప్పు తలుపుకి తాళం ఎవరి దగ్గరుంది, ఇవన్నీ నీకెందుకు? నువ్వు నిద్రపోతున్నావు కదా.

అయితే అద్దె మీద బాగుపడినవాడే లేడా అంటే, ఉన్నాడు. నాకు తెలిసి ఒకే ఒకడు. మా కంపెనీ క్యాంటీన్లో వంట చేసే రాజంపేట ఆయన. చదువు ఐదో తరగతి. పదహారేళ్ళలో రోడ్డు మీదున్న సొంత స్థలంలో మూడు కొట్టుగదులు కట్టాడు. ఒక సెలవుకి పునాది, ఇంకో సెలవుకి గోడలు, ఇంకో సెలవుకి స్లాబు. అప్పు ఎందుకు చెయ్యలేదంటే నవ్వాడు. "లెక్క ఉన్నప్పుడు కట్టినా సార్, లేనప్పుడు నిలబెట్టినా. ఇనుము తుప్పు పడ్తాదని ఊళ్ళో నవ్విరి. నవ్వుకోనీ." (మా గుంటూరు వైపు లెక్కంటే గణితం, ఆయన వైపు లెక్కంటే డబ్బు. రెండూ ఒకటేనని నాకు అర్థమవడానికి పదకొండేళ్ళు పట్టింది.) ఒక గదిలో మందుల షాపు, ఒకదాంట్లో టైలరు, మూడోదాంట్లో ఆయన భార్యే ఇడ్లీ కొట్టు పెట్టింది. ఎవరి షట్టరు ఎన్నింటికి లేచిందో ఆమెకి తెలుసు, ఎవరి దగ్గర ఎప్పుడు అడగాలో తెలుసు. టైలరు కూతురి పెళ్ళప్పుడు రెండు నెలలు అద్దె వదిలేసిందట. "ఆమె చూస్కుంటాది సార్, నాదేముండాది" అన్నాడు. నేను పెట్టిన దాంట్లో పదో వంతు కూడా పెట్టలేదు ఆయన. ఆ ఇంట్లో కూర్చుని తినేవాళ్ళు మాత్రం ఎవరూ కనపడలేదు నాకు. పొద్దున్నే నాలుగింటికి పిండి రుబ్బే ఆడమనిషి ఉంది.

కాబట్టి మిత్రమా, నేను ఆదివారం రావట్లేదు. చెరి సగం లేదు, పదో వాటా కూడా లేదు. నీ పంతొమ్మిదో నెల భయానికి నా దగ్గర మందు లేదు. డిపాజిట్టు వడ్డీలు కూడా ఇప్పుడు అప్పటంత లేవు, నాకు తెలుసు. అయినా సరే, ఇద్దరం కూర్చుని ఉన్నదెంత, ఖర్చెంత అని కాగితం మీద వేసుకుందాం, వచ్చే శుక్రవారం మా ఇంట్లో. బిర్యానీ హోటలంత బాగుండదు.

నిజాంపేట ఫ్లాటు మళ్ళీ అమ్మకానికి పెట్టాను. ఈసారి ముందే ఆ తక్కువ కోత సర్టిఫికెట్టుకి దరఖాస్తు పెట్టించాను, ఆడిటరు రెండు నెలలంటున్నాడు. నిన్న రాత్రి నాన్నకి ఫోను చేసి చెప్పాను, ఇక మీరు ఆ మెట్లు ఎక్కక్కర్లేదు అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "అమ్మేటప్పుడు ఒకసారి రంగులు వేయిస్తే ఇంకో లక్ష ఎక్కువొస్తుందిరా. సోమవారం రైలుకి రిజర్వేషన్ దొరుకుతుందేమో చూస్తాను."